గడ్డి కింద ఊరు

పార్కింగ్‌లో కారు ఆపి ఫోన్‌లో మ్యాప్ చూస్తే 'వారమ్ పెర్సీ' అని పేరు కనిపిస్తోంది. తలెత్తి చూస్తే ఊరు లేదు. గేటు, దాని అవతల కిందికి దిగే బాట, ఎదురుగా పచ్చటి కొండవాలు, మేస్తున్న ఆవులు. అంతే.

"ఏదీ ఊరు?" అన్నాడు మా రూమ్మేట్. లీడ్స్ నుంచి గంటకు పైగా డ్రైవ్ చేసిన మనిషి. ఆదివారం పూట కోటో, రాజమహలో చూపిస్తానని ఆశపడి వచ్చాడు పాపం.

"కిందుంది" అన్నాను.

"వాగు దగ్గరా?"

"కాదు. గడ్డి కింద."

వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దకొండల ప్రాంతం ఉంటుంది. మరీ ఎత్తైన కొండలేం కావు. దుప్పటి పరిచి కాస్త ముడతలు పెట్టినట్టుంటాయి. మాల్టన్ అనే చిన్న టౌన్ దాటి, వారమ్ లె స్ట్రీట్ అనే ఊరి పక్క నుంచి సన్న రోడ్డు పట్టుకుంటే ఇక్కడికి వస్తాం. (వారమ్ అంటే సోమవారం, మంగళవారం కాదు. మా రూమ్మేట్ దారి పొడుగునా ఈ జోకే వేశాడు కాబట్టి మీకూ చెప్తున్నా.) పెర్సీ అనేది ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన జమీందారీ కుటుంబం పేరు. వాళ్లు పోయారు, ఊరూ పోయింది, పేరు మాత్రం మ్యాపులో మిగిలింది.

పార్కింగ్ నుంచి కిలోమీటరు దాకా నడవాలి. బాట నిటారుగా దిగుతుంది, వాన పడితే జారుతుంది. మధ్యలో పాత రైల్వే లైను ఆనవాలు దాటతాం. పట్టాలు ఎప్పుడో పీకేశారు. టికెట్ లేదు, గేటు దగ్గర మనిషి లేడు, టీ కొట్టు అసలే లేదు. నీళ్ల బాటిలు, గట్టి బూట్లు మీవే. ఆవులకి కొంచెం దూరంగా నడవండి, ముఖ్యంగా దూడలున్నప్పుడు. నా ఫోన్‌లో సిగ్నల్ సగం దారిలోనే పోయింది.

కిందికి దిగి మళ్లీ కొంచెం పైకెక్కితే మొదట కనిపించేది పైకప్పు లేని చర్చి. దాని గోపురం సగం కూలి, సగం నిలబడి ఉంటుంది. ఎవరో కత్తితో నిలువునా కోసినట్టు లోపలంతా కనిపిస్తుంది. చర్చి కింద చిన్న చెరువు. ఇక పైన విశాలంగా మైదానం. అక్కడ నిలబడితే మొదట ఏమీ తెలియదు. గడ్డి, గాలి. పావుగంట నడిచాక కాళ్లకి తెలుస్తుంది. నేల చదునుగా లేదు. మోకాలెత్తు గట్టు, తర్వాత పల్లం, మళ్లీ గట్టు, మూల తిరిగిన ఇంకో గట్టు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. ప్రతి గట్టుకీ నీడ పడి, నేల మీద ఎవరో ఊరి ప్లాను గీసినట్టు కనిపిస్తుంది. ఇళ్లు వరసగా, ప్రతి ఇంటి వెనక పొడుగాటి పెరడు, పెరళ్ల మధ్య హద్దులు, మధ్యలో పల్లంగా సాగిపోయే వీధి.

ఆ వీధిలో నడిచాను. మా రూమ్మేట్ కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. "రేయ్, ఇది గుమ్మం కదా" అన్నాడు ఒకచోట ఆగి. రెండు గట్ల మధ్య మనిషి పట్టేంత ఖాళీ. గుమ్మమో కాదో నాకు తెలీదు, కానీ ఇద్దరం అందులోంచే లోపలికి వెళ్లాం. గట్టు తొక్కి దాటబుద్ధి కాలేదు.

ఇలా ఖాళీ అయిన మధ్యయుగపు ఊళ్లు ఇంగ్లండ్‌లో దాదాపు 3,000 ఉన్నాయి. అన్నిటిలోనూ ఎక్కువ పేరున్నది ఇదే. కారణం ఊరి గొప్పతనం కాదు. ఇద్దరు మనుషుల మొండితనం.

మొదటాయన మారిస్ బెరెస్‌ఫర్డ్. పురావస్తు శాస్త్రవేత్త కాదు, ఆర్థిక చరిత్ర చెప్పే లెక్చరర్. పాత భూమి రికార్డులు, పాత మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే ఆయనకో అనుమానం వచ్చింది. రికార్డులో పన్ను కట్టిన ఊళ్లు ఇప్పటి మ్యాపులో లేవేంటి? ఖాళీ అయిన ఊళ్లు మన దేశంలో చాలా అరుదు అని అప్పట్లో పెద్ద చరిత్రకారులే అనేవారు. ఈయన 1948లో లీడ్స్ యూనివర్సిటీకి వచ్చాడు, ఆ ఏడాదే ఈ కొండవాలు మీద గట్లు చూశాడు. ఇవి ఇళ్లేనని నిరూపించడానికి 1950లో విద్యార్థుల్ని వెంటేసుకొచ్చి పారలతో తవ్వడం మొదలుపెట్టాడు. ఎలా తవ్వాలో ఆయనకి నిజంగా తెలీదు. రాళ్లు కనిపిస్తే గోడ అనుకుని ఆ గోడ వెంబడే కందకం తీసుకుంటూ పోవడమే. ఈ పద్ధతిలో గోడ దొరుకుతుంది, దాని చుట్టూ ఉన్న సాక్ష్యమంతా పోతుంది.

1952లో ఇంకో కుర్రాడు వచ్చాడు, జాన్ హర్స్ట్. ఈయన అసలైన పురావస్తు శాస్త్రవేత్త, పైగా మధ్యయుగపు కుండ పెంకులంటే పిచ్చి. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో తవ్వకాలంటే రోమన్ కోటలు, రాజుల సమాధులు, మఠాలు. మామూలు రైతు ఇంటి కోసం ఎవరు తవ్వుతారు? వీళ్లిద్దరూ తవ్వారు. డెన్మార్క్‌లో వాడుతున్న పద్ధతి తెచ్చుకున్నారు. కందకాలు కాదు, ఇల్లు మొత్తం మీది గడ్డి చాపలా ఎత్తేసి, నేలని గళ్లుగా విడగొట్టి, ఒక్కో పొరా చేత్తో గీకుతూ దిగడం. మేకు దొరికినా, పెంకు దొరికినా, ఎక్కడ ఎంత లోతులో దొరికిందో కాగితం మీద గుర్తు పెట్టడం. ఇప్పుడు ఇది అందరూ చేసేదే. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త.

ఏటా జూలైలో మూడు వారాల చొప్పున తవ్వారు, 1990 దాకా. నలభై ఏళ్లు. విద్యార్థులు వచ్చారు, టీచర్లు వచ్చారు, చిన్నప్పుడు అమ్మానాన్నలతో వచ్చిన పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వచ్చారు. చర్చి దగ్గర ఒక పాత కాటేజీల వరస ఉంది, అదే వీళ్ల మకాం. నలభై ఏళ్లంటే చాలా అనిపిస్తుంది గానీ, ఏడాదికి మూడు వారాలు లెక్కేస్తే మొత్తం రెండేళ్ల చిల్లర. అయినా ఊరంతా తవ్వలేదు, తవ్వింది చిన్న భాగమే. మిగతాది అలాగే ఉంచారు, తర్వాతి వాళ్ల కోసం.

తవ్వితే ఏం దొరికింది? బంగారం కాదు. నాకు బాగా నచ్చిన సంగతి ముందు చెప్తాను. ఇళ్ల నేల మధ్యలో గిన్నెలా పల్లం పడి ఉంది. ఎందుకో తెలుసా? ఊడ్చి ఊడ్చి! మట్టి నేల, రోజూ చీపురు, తరాల తరబడి. ఊడ్చిన ప్రతిసారీ కాస్త మట్టి పోయి నేల అరిగిపోయింది. మధ్యయుగపు రైతులంటే మురికిలో, పెంటలో బతికేవాళ్లని సినిమాల్లో చూపిస్తారు కదా. ఈ ఊరి ఆడవాళ్లు నేల అరిగేదాకా ఊడ్చారు. తాళాలు కూడా దొరికాయి. తాళం వేశారంటే లోపల దాచుకోవడానికి ఏదో ఉన్నట్టే.

ఇల్లంటే పొడుగ్గా ఒకటే కొట్టం. ఒక చివర మనుషులు, ఇంకో చివర పశువులు, మధ్యలో దారి. చలికాలం పశువుల వేడి మనుషులకీ ఉపయోగమే. గోడలు సుద్దరాయివి. మొదట్లో తవ్విన వాళ్లకి ఒకే చోట గోడ మీద గోడ కనిపించింది, కొద్దిగా పక్కకి జరిగి ఇంకో గోడ. దాంతో ఇవి నాసిరకం గుడిసెలు, ప్రతి తరానికీ ఒకసారి కూలగొట్టి కట్టుకునేవారు అని రాశారు. పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. ఎన్నో ఏళ్ల తర్వాత, 1980ల్లో, స్టువర్ట్ రాత్‌మెల్ అనే ఆయన అవే ప్లాన్లు మళ్లీ తీసి చూశాడు. గోడలు బరువు మోయలేదయ్యా, బరువంతా మోసింది లోపలి కర్ర అన్నాడు. వంపు తిరిగిన పెద్ద దుంగల్ని జతగా ఎదురెదురు నిలబెట్టి పైన కలిపేవాళ్లు, తిరగేసిన 'వి' అక్షరంలా. పైకప్పు దాని మీదే. గోడ పాడైతే గోడ మార్చుకున్నారు, ఇల్లు మాత్రం తరాల పాటు అదే ఇల్లు. అంటే పేదవాళ్ల గుడిసెలు అనుకున్నవి నిజానికి గట్టి ఇళ్లు. నేల కింద దొరికింది మారలేదు, చదివిన తీరు మారింది.

ఒక ఇంటి కిందైతే ఇంకో కథ బయటపడింది. రైతు ఇల్లు తవ్వుతూ తవ్వుతూ కిందికి పోతే, దాని అడుగున 12వ శతాబ్దం చివరినాటి జమీందారు భవనం తాలూకు రాతి నేలమాళిగ! జమీందారు వేరే చోటికి మారాడు, ఆ స్థలంలో రైతులకి ఇళ్లు కట్టారు. ఇంకా కిందికి పోతే ఇంకా పాతవి. సాక్సన్ కాలంవి, స్కాండినేవియా తరహా నగిషీ ఉన్న బెల్టు ముక్కలు, రోమన్ కాలపు వ్యవసాయ క్షేత్రాలు, వాటికీ ముందు ఇనుప యుగం ఆనవాళ్లు. ఇంగ్లండ్ మొత్తం భూమి లెక్క తీయించిన 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో ఈ ఊరి పేరుంది, కానీ జనం అంతకు వెయ్యేళ్ల ముందు నుంచే ఇక్కడ సేద్యం చేస్తున్నారు.

ఇక ఎముకలు. చర్చి లోపల, చుట్టూ తవ్వినప్పుడు 680కి పైగా అస్థిపంజరాలు దొరికాయి. రాజులవి కాదు, మామూలు పల్లెటూరి జనానివి. ఇంతమంది సామాన్యుల ఎముకలు ఒకేచోట దొరకడం అరుదు కాబట్టి శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాటిని చదువుతూనే ఉన్నారు. పదేళ్ల పిల్లలు ఇప్పటి పదేళ్ల పిల్లల కంటే దాదాపు 20 సెంటీమీటర్లు పొట్టి. నేను మా అన్న కూతుర్ని తలుచుకున్నా, ఆ పిల్లకి పదేళ్లు. జానెడు తగ్గించి చూడండి. అంత ఆకలి, అన్ని జబ్బులు. కానీ పసిపిల్లలకి దాదాపు ఏడాదిన్నర దాకా తల్లిపాలు పట్టారని ఎముకల్లోని రసాయనాలు చెప్తున్నాయి, అందుకే ఆ వయసు దాకా పిల్లలు బాగానే ఎదిగారు. పాలు మాన్పించాకే కష్టం మొదలు. ఒళ్లు విరుచుకుని పనిచేసినా వయసు పైబడ్డ ఆడవాళ్ల ఎముకలు ఇప్పటి ఆడవాళ్లలాగే గుల్లబారాయి.

ఒకాయన పుర్రె చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారు. నలభై ఏళ్ల వయసు, సుమారు వెయ్యేళ్ల కిందటి మనిషి. తల మీద బలమైన దెబ్బ. ఆ దెబ్బ దగ్గర పుర్రె గీకి, ఎముక ముక్కలు తీసేసి ఎవరో ఆపరేషన్ చేశారు. ఎముక మళ్లీ మానింది, అంటే మనిషి బతికాడు! ఆస్పత్రి లేదు, మత్తుమందు లేదు. ఆ కొండల్లో అంత చెయ్యి తిరిగిన మనిషి ఎవరో.

ఇప్పుడు కొంచెం భయపడే మాట. ఊరి లోపల కొన్ని గుంటల్లో, శ్మశానానికి దూరంగా, విడిగా 137 ఎముకలు దొరికాయి. కనీసం పదిమందివి, పసివాళ్లవి కూడా. వాటి మీద కత్తి గాట్లు, కాల్చిన గుర్తులు. మొదట నరమాంసం తిన్నారేమో అనుకున్నారు. కరువు రోజులు కదా. 2017లో వచ్చిన పరిశోధన ఇంకో మాట అంది. మాంసం కోసమైతే గాట్లు కండరాలు బలంగా అతుక్కునే చోట ఉండాలి, ఇక్కడ ఎక్కువగా తల, మెడ దగ్గరున్నాయి. పరాయివాళ్లేమో, అందుకే అలా చేశారేమో అనుకుంటే, పళ్లలోని రసాయనాలు వీళ్లు ఈ చుట్టుపక్కల పెరిగిన వాళ్లేనని తేల్చాయి. మిగిలిన వివరణ ఏంటంటే, చచ్చినవాళ్లు లేచి తిరుగుతారన్న భయం. 12వ శతాబ్దంలో ఇదే యార్క్‌షైర్‌లో ఉన్న విలియం ఆఫ్ న్యూబర్గ్ అనే మఠవాసి అలాంటి శవాల గురించి చరిత్ర పుస్తకంలోనే రాశాడు. లేచి తిరగకుండా శవాన్ని ముక్కలు చేసి కాల్చడం దానికి మందు. పరిశోధకులు ఇదే ఖాయం అనలేదు, దొరికిన సాక్ష్యానికి ఎక్కువ సరిపోతుంది అన్నారంతే. దెయ్యం కథలు మన ఊళ్లలోనూ విన్నవే కదా. కానీ అంత దూరం వెళ్లిన భయం ఎలాంటిదో ఊహించుకుంటే, చీకటి పడకముందే కారు దగ్గరికి పోదాం అన్నాడు మా వాడు. నేను కాదనలేదు గానీ చర్చి మాత్రం ఇంకోసారి చూద్దామన్నాను.

ఈ చర్చి గోడలు చూడాల్సిన విషయం. 10వ శతాబ్దంలో చిన్న కర్ర గుడి, తర్వాత రాతి గుడి. జనం పెరిగారు, చోటు చాల్లేదు. అటుపక్క గోడ పగలగొట్టి కమానులు పెట్టి ఒక వరండా కలిపారు. ఇంకా పెరిగారు, ఇటుపక్కా కలిపారు. తర్వాత జనం తగ్గారు. కలిపిన వరండాలు తీసేసి, కమానుల్ని రాళ్లతో మూసేశారు. ఇప్పుడు ఆ గోడ ముందు నిలబడితే కమాను ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, దాని కడుపు నిండా వేరే రాళ్లు. జనాభా లెక్కల పట్టిక చూడక్కర్లేదు, గోడే పట్టిక.

ఊరు పోయాక కూడా చర్చి పోలేదు. చుట్టుపక్కల వాళ్లు కొండ దాటి నడిచొచ్చి ప్రార్థనలు చేసుకునేవారు. పొరుగున ఉన్న థిక్సెన్‌డేల్ జనం 1870లో సొంత చర్చి కట్టుకునేదాకా ఇక్కడికే వచ్చారు. చివరి ప్రార్థన 1949లో. పదేళ్లకే, 1959లో, గోపురం సగం కూలింది.

మరి ఊరు ఎలా పోయింది?

ఇక్కడికి వచ్చే ముందు నేను అనుకున్నది మీరూ అనుకుంటారు. ప్లేగు. 1348-49లో యూరప్‌ని ఊడ్చేసిన మహమ్మారి. ఈ ఊరికీ వచ్చింది, చాలామందిని తీసుకుపోయింది. ఇంటర్నెట్‌లో వెతికితే 'ప్లేగుకి బలైన ఊరు' అనే రీల్స్ బోలెడు. కానీ ప్లేగు తర్వాత కూడా ఈ ఊరు నూట యాభై ఏళ్లు బతికింది. ఇళ్లు బాగుచేసుకున్నారు, పొలం దున్నారు, నేల ఊడ్చారు.

ఊరిని ఖాళీ చేయించింది గొర్రెలు. ఉన్నికి మంచి ధర ఉంది. పొలం దున్నాలంటే ఎంతోమంది కూలీలు కావాలి, అదే నేల గడ్డి చేసి గొర్రెల్ని తోలితే ఒక కాపరి, ఒక కుక్క చాలు. ప్లేగు తర్వాత కూలీలు దొరక్క, కూలి రేట్లు పెరిగి జమీందార్లకి ఈ లెక్క ఇంకా బాగా నచ్చింది. కొన్ని ఇళ్లు వాటంతటవే ఖాళీ అయ్యాయి, వారసులు లేక, వేరేచోట మంచి భూమి దొరికి. మిగిలినవాళ్లని పంపేశారు. ఇలా దేశమంతా ఊళ్లు పోతున్నాయని గోల పెరిగి 1517లో ప్రభుత్వం విచారణ పెట్టింది. అందులో ఈ ఊరి గురించి ఒక చిన్న పద్దు ఉంది. జమీందారు హిల్టన్ నాలుగు నాగళ్లు ఆపించాడు, నాలుగు ఇళ్లు పాడుబెట్టాడు. 1500 ప్రాంతంలో జరిగిన పని. వెయ్యిన్నర ఏళ్లకి పైగా సేద్యం చేసిన చోటికి చివరి రసీదు అదే, ఒక్క వాక్యం.

నాలుగు ఇళ్లు. ఆ వరసలో ఏ నాలుగో నడుస్తూ వెతికాను. తెలిసే దారి లేదు.

ఇక్కడిదాకా రాకుండా ఉండలేకపోవడానికి నాకో సొంత కారణం ఉంది, దాచడం ఎందుకు. మా అవ్వ పుట్టి, పెళ్లై, పిల్లల్ని కన్న ఊరు ఇప్పుడు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. 1981లో కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊళ్లు వరసగా ఖాళీ అయినప్పుడు అదీ ఒకటి. నేను ఆ ఊరు చూడలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, పూజలు జరుగుతాయి, యూట్యూబ్‌లో వీడియోలు వస్తాయి. కూడవెల్లి గుడినైతే రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్లీ కట్టారు. నాగార్జునకొండ దగ్గర ఆనకట్ట రాకముందే, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ వాళ్లు ఆ లోయంతా తవ్వి ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, శిల్పాలు కొండ మీదికి చేర్చారు. సరిగ్గా బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ ఇక్కడ రైతు ఇంటి గడ్డి ఎత్తుతున్న రోజులే అవి. వాళ్లకి నీళ్లు తరుముకొస్తున్నాయి, ఆరేళ్లే టైము. వీళ్లకి ఎవరూ తరమలేదు, నలభై ఏళ్లు దొరికాయి. గుళ్లు కాపాడినందుకు నాకు సంతోషమే, అందులో మాట లేదు. కానీ మామూలు ఇంటి ప్లాను ఎవరైనా గీశారా, మా అవ్వ వంటిల్లు ఎన్ని అడుగులుండేదో ఎక్కడైనా రాసి ఉందా అని చాలాసార్లు అనిపించేది. ఎక్కడో ఒక దేశంలో రైతు ఇంట్లో నేల ఎంత అరిగిందో కొలిచారు అని చదివినప్పుడు, వెళ్లి చూడాలనిపించింది. అంతే.

చీకటి పడుతుండగా బాట ఎక్కి పార్కింగ్ చేరాం. ఎక్కేటప్పుడు తెలిసింది అది ఎంత నిటారో. మాల్టన్‌లో చిప్స్ తిని లీడ్స్ చేరేసరికి రాత్రి పది.

మర్నాడు కర్నూలుకి వీడియో కాల్ చేసి అవ్వకి ఫోటోలు చూపించాను. అవ్వకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది, ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూస్తుంది కాబట్టి నాకు ఆమె నుదురు మాత్రమే కనిపిస్తుంది.

"ఇదేంది నాయనా, బీడు గదా."

"ఊరు అవ్వా. ఐదు వందల ఏండ్ల కింద ఖాళీ చేసినారు."

"నీళ్లు వచ్చినాయా?"

"లేదు. గొర్రెల కోసం."

కాసేపు మాట్లాడలేదు. లైను పోయిందనుకున్నా. "గొర్రెల కోసమా" అని మెల్లగా అంది, నవ్విందో లేదో తెలీలేదు. "మరి దూలాలు? దూలాలు తెచ్చుకున్నారా ఆ జనం?"

నేనీ ప్రశ్న ఊహించలేదు. నిజానికి అక్కడ దుంగ ఒక్కటి కూడా మిగల్లేదు. కర్ర మట్టిలో ఉంటే కుళ్లిపోతుంది, కానీ ఆ కాలంలో మంచి కర్రంటే ఆస్తి, ఇల్లు విప్పితే వదిలేసేవారు కాదు, ఇంకోచోట వాడుకునేవాళ్లు. ఆ మాటే చెప్పాను.

"మేమూ తెచ్చుకున్నాం" అంది అవ్వ. "ఎద్దుల బండిలో వేసుకొచ్చినాం. దూలాలు, తలుపులు, కడపలు. మీ తాత ద్వారబంధం విప్పుతా ఉంటే గోడ సగం మీద పడె. ఇప్పుడు మనింటి ముందర తలుపు ఉండాదే, అది ఆడిదే. నువ్వు దాని మీద బొమ్మలు గీస్తావుంటివి చిన్నప్పుడు, జ్ఞాపకం లేదా?"

జ్ఞాపకం ఉంది. ఆ తలుపుకి అంత చరిత్ర ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"అవ్వా, మన వీధిలో ఎన్ని ఇండ్లు ఉండె?"

"ఏ వీధి?"

"ఊర్లో. నీళ్లలో పోయిన ఊర్లో. తూరుపు నుంచి చెప్పు."

ఫోన్ ముక్కు నుంచి దించింది. మొహం మొత్తం కనిపించింది. కళ్లు మూసుకుని చేత్తో గాల్లో చూపిస్తూ మొదలుపెట్టింది. మొదట చావిడి, పక్కన వేపచెట్టు, దాని తర్వాత ఎవరిల్లు, వాళ్లింట్లో బావి ఎటువైపు, ఆ పక్క సందు ఎంత ఇరుకు. నేను నోట్స్ యాప్‌లో రాసుకుంటూ, కాగితం మీద గళ్లు గీసి ఒక్కో ఇల్లు పెట్టుకుంటూ పోయాను. మధ్యలో అత్త వచ్చి అన్నం తినమంది, అవ్వ చెయ్యి ఊపి పంపేసింది. ఎడమ వరస అయిపోయింది. కుడి వరసలో ఇరవై మూడో ఇంటి దగ్గర ఆగిపోయింది. ఆ ఇంట్లో గుడ్డి ఎద్దు ఉండేది, అది గుర్తుంది, ఆ ఇంటివాళ్ల పేరు మాత్రం రావడం లేదు.

"రేపు చెప్తాలే నాయనా. పెన్ను మాత్రం ఆడనే పెట్టుకో."